ఊరికో ముద్ద మలీద

సైకిలు తొక్కడానికి కాళ్లు కావాలని అందరూ అనుకుంటారు. కాళ్లు తర్వాత సంగతి, ముందు కడుపు కావాలి. ఈ జ్ఞానం నాకు యాభై రెండో ఏట, జడ్చర్ల దగ్గర ఒక పెట్రోలు బంకు వెనక గోడ పట్టుకుని వాంతి చేసుకుంటుంటే కలిగింది.

అది నవంబరు. పొద్దున ఆరింటికి ఆరాంఘర్ చౌరస్తాలో బయలుదేరి, మహబూబ్‌నగర్ దాకా వెళ్లి, మళ్లీ అక్కడికే తిరిగి రావాలి. రానూపోనూ రెండు వందల కిలోమీటర్లు, పదమూడున్నర గంటల గడువు. గడువులోపు వస్తే సైకిల్ క్లబ్బువాళ్లు ఒక చిన్న పతకం చేతిలో పెడతారు. ఆ పతకం సంగతి నేను పైకి ఎవరితోనూ అనలేదు గానీ, నాకు అది కావాలి. ఈ వయసులో ఇదేం పాడు కోరిక అనిపించినా సరే, కావాలి.

ఎందుకంటే అప్పటికి నేను మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఒక్కటి లేదు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్లయింది. డిపార్ట్‌మెంటు పరీక్ష రెండు పేపర్లు రాసి మూడోది వదిలేశాను. ఉప్పుగూడలో ఇల్లు కొన్నప్పుడు ముందు గది గోడలకు నేనే రంగు వేస్తానని మూడు గోడలు వేశాను. నాలుగో గోడ తొమ్మిదేళ్లుగా అలాగే ఉంది. మా ఆవిడ నాకు పెట్టిన పేరు ఆరంభశూరుడు. ఆఫీసులో ఫైళ్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించమన్నారు, ఎక్కించాక కాగితం మీద కూడా ఉంచమన్నారు. ప్రతి పనీ రెండుసార్లు చేస్తూ, ఏదీ ఒకసారి కూడా అయినట్టు అనిపించని ఉద్యోగం నాది. షుగరు వచ్చేలా ఉందని డాక్టరు అన్నాక పాత సైకిలొకటి కొన్నాను. ఇదొక్కటైనా చివరిదాకా చెయ్యాలి అనుకున్నాను.

ఆ నవంబరు ప్రయాణానికి, తోటి కుర్రాళ్లను చూసి జెల్ ప్యాకెట్లు కొన్నాను. వాళ్లు గచ్చిబౌలి వైపు నుంచి కార్ల వెనక సైకిళ్లు తగిలించుకుని వస్తారు. గంటకొక ప్యాకెట్టు చింపి నోట్లో పిండుకుంటారు. ఒక్కో ప్యాకెట్టుకు పెట్టే డబ్బుతో మా సందు చివరి హోటల్లో కడుపునిండా అన్నం తినొచ్చు. రుచి మాత్రం దగ్గుమందులో ఇంకాస్త చక్కెర కలిపినట్టు ఉంటుంది. అయిదు తిన్నాను. ఆరోది లోపలికి పోలేదు, దాంతోపాటు మిగతా అయిదూ బయటికొచ్చాయి. ఉల్లిగడ్డల లోడుతో వస్తున్న ఒక డీసీఎం వ్యాను డ్రైవరును బతిమాలి, సైకిలును బస్తాల మీద పడేసి ఇంటికొచ్చాను.

మా పక్కింటి ముసలమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ ఉంది. డెబ్బై దాటిన మనిషి. కొడుకు, కోడలు, మనవలు లోపల ఎక్కడో ఉంటారు, ఆమె మాత్రం ఎప్పుడు చూసినా గడపలోనే ఉంటుంది. సందులో అందరూ ఆమెను ఖాలా అంటారు, అంటే పిన్నమ్మ. మేమూ అలాగే అంటాం.

"ఏంది బేటా, మొహం గిట్ల పీక్కపోయింది?" అంది.

చెప్పాను. జేబులో మిగిలిన ప్యాకెట్టు చూపించాను. ఆమె దాన్ని వేళ్లతో నొక్కి చూసి, వాసన చూసి, నా చేతిలో పెట్టేసింది.

"గిది తిని సైకిల్ తొక్కుతరా? మా ఆయన ముప్పై ఏండ్లు తొక్కిండు. పత్తర్‌గట్టిల బట్ట కొని, ఎనక క్యారియర్ మీద ఇంత ఎత్తు కట్టుకొని ఆమనగల్లు దాక పోయి ఊరూరు అమ్మి, మళ్ల మాపటికి ఇంటికొస్తుండె. ఏం తింటుండెనో ఎరుకనా? మలీద."

ఆయన పోయి పన్నెండేళ్లు. మేం ఆ ఇంట్లోకి రాకముందే పోయాడు, నేను చూడలేదు. గేర్లు లేని సైకిలు మీద మణుగు బట్టతో రోజుకు వంద కిలోమీటర్లు తొక్కిన మనిషి గురించి వింటూ, ఇరవై ఒక్క గేర్ల సైకిలు పట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసింది.

మలీద అంటే నాకు తెలియదు. మా వైపు లేదు. మర్నాడు ఆఫీసులో అటెండరును అడిగితే, "గదే సార్, రొట్టె, బెల్లం కలిపి ముద్దలు చేస్తం. సద్దుల బతుకమ్మకు మా ఇంట్ల అదే" అన్నాడు. ఖాలా ఇంట్లో ఫాతెహాకు, అంటే పోయినవాళ్ల పేరు మీద ప్రార్థన చదివించి పంచడానికి, అదే చేస్తారు. ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో ఉండి రెండు వైపులవాళ్లూ చేసుకునే పదార్థం పేరు కూడా వినకపోవడం ఆఫీసు గుమాస్తాకే చెల్లింది.

ఆ శనివారం నేనే చేశాను. చపాతీలు వేడివేడిగా మిక్సీలో వేసి, బెల్లం వేసి తిప్పాను. మిక్సీ మూలిగి ఆగిపోయింది. లోపల గోడలకు అంటించే బంకలాంటిదేదో తయారైంది. ఖాలాకు చూపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"తాజా రొట్టె పనికిరాదు బేటా. రొట్టెలు మందంగ చేసి, రాత్రంత బట్టల కప్పిపెట్టి, పొద్దుగాల ముట్టుకుంటే పెళపెళ అనాలె. అప్పుడు చేతితోని నలపాలె. మిషన్ల ఏస్తే అది మలీద గాదు, హల్వ."

మా ఆవిడకు ఇదంతా నచ్చలేదు. "మిగిలిపోయిన రొట్టెలు దారిలో తినడమేమిటండీ? సున్నుండలు చేసిస్తాను, పట్టుకెళ్లండి" అంది. మినుములు వేయించి, నెయ్యి ధారగా పోసి చేసింది. అవి అమృతంలా ఉంటాయి, ఇంట్లో కూర్చుని తింటే. సైకిలు చొక్కా వెనకజేబులో పెట్టుకుని నలభై కిలోమీటర్లు తొక్కేసరికి నెయ్యి నడుము దాకా కారింది. మినప్పిండి ఎండిన గొంతులో అంగిలికి అతుక్కుపోయింది. ఇంటికొచ్చాక ఆవిడ ఆ చొక్కాను సబ్బునీళ్లలో విడిగా నానబెట్టింది. ఆ పైన సున్నుండల మాట ఎత్తలేదు.

డిసెంబరు నెలంతా మా ఇంట్లో శనివారం పొద్దున నలపడమే పని. రొట్టెను రెండు అరచేతుల మధ్య పెట్టి, బరువు పడకుండా, రవ్వలా రాలేదాకా రుద్దాలి. ఎనిమిది రొట్టెలు రుద్దేసరికి అరచేతులు ఎర్రబడేవి. తర్వాత దంచిన బెల్లం, పుట్నాల పొడి, వేయించిన నువ్వులు, కాస్త సోంపు. నెయ్యి ఒక్క చెంచా, ముద్ద కట్టడానికి మాత్రమే. అన్నిటికంటే ఆఖరున ఉప్పు. తీపిలో ఉప్పేమిటని నేను ఆగిపోతే ఖాలా గద్దించింది.

"ఫాతెహ మలీదల ఉప్పు ఎయ్యరు. సైకిల్ మలీదల ఎయ్యాలె. ఆయన అంగీ పిండితే ఉప్పు రాలుతుండె. పోయిన ఉప్పు ఎట్ల వస్తది మరి?"

కవర్లో పెడితే చెమ్మ పడుతుంది కాబట్టి పాత నూలుబట్టలో మూట కట్టాలి. ఆకలేశాక తినకూడదు, వేయకముందే తినాలి. ఆయన గడియారం పెట్టుకునేవాడు కాదట, ఊరు దాటినప్పుడల్లా ఒక ముద్ద తినేవాడట. ఆదివారాలు నేను చేవెళ్ల వైపు, శంషాబాద్ వైపు వెళ్లి అదే చేసి చూశాను. పొలిమేర బోర్డు కనపడగానే ఒక ముద్ద నోట్లో వేసుకుని, మీద రెండు గుక్కల నీళ్లు. కడుపు గొడవ చెయ్యలేదు. ఎనభై, తొంభై, నూట పది దాకా తొక్కాను. వచ్చి చెప్పినప్పుడల్లా ఆమె ఏ ఊళ్లు దాటానో అడిగేది. పేర్లు చెప్తుంటే, ఆ ఊళ్లలో ఆయన దగ్గర పరికిణీ బట్ట ఎవరు కొనేవాళ్లో, పెళ్లిబట్టలన్నీ ఎవరింటికి ఇచ్చాడో చెప్పేది. ఆ ఊళ్లు ఆమె ఒక్కటీ చూడలేదు.

జనవరిలో మళ్లీ ఆ రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం వచ్చింది. ముందురోజు ముద్దలు ఖాలాయే కట్టింది. మూట చేతికిస్తూ, "అయినంకనే రా" అంది.

ఆ రోజు అన్నీ కుదిరాయి. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి నా దగ్గర సాకు లేదు. గాలి ఎదురు లేదు. టైరు పంక్చరు కాలేదు. షాద్‌నగర్‌లో ఒక ముద్ద, బాలానగర్‌లో ఒకటి, జడ్చర్లలో ఒకటి. మహబూబ్‌నగర్‌కు గడువు కంటే చాలా ముందే చేరాను. అక్కడ చీటీ మీద ముద్ర వేసే క్లబ్బు కుర్రాడు "అంకుల్, మీరు బాగా లాగుతున్నారు" అన్నాడు. తిరుగు ప్రయాణంలోనూ కడుపు చల్లగా ఉంది. కాళ్లు నొప్పి పెట్టాయి, కానీ అది నొప్పి అనేంత నొప్పి కాదు.

నూట నలభై ఆరో కిలోమీటరు దగ్గర, షాద్‌నగర్ ఇంకా రాకముందే, రోడ్డు పక్కన ఒక మూసేసిన కొబ్బరిబొండాల బండి కనిపించింది. నీడ ఉంది. ఒక్క నిమిషం ఆగుదామని దిగాను. బండి కింద కూర్చున్నాను. అంతే, మళ్లీ లేవాలనిపించలేదు.

ఎందుకని నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. ఇంకా యాభై నాలుగే ఉంది. మధ్యాహ్నం మూడున్నర, చేతిలో నాలుగు గంటలుంది. మూటలో అయిదు ముద్దలున్నాయి. కానీ లేచి, ఎక్కి, తొక్కి, చేరి, పతకం తీసుకుని, ఇంటికొచ్చి, మర్నాడు సోమవారం మళ్లీ ఆఫీసుకు పోయి, అవే ఫైళ్లు రెండుసార్లు... ఇలా ఆ వరసంతా ఒక్కసారి కళ్ల ముందుకొచ్చింది. నాకు ఓపిక లేదు. ఆ పూటకు లేకపోవడం కాదు, అసలెక్కడా మిగల్లేదు. నవంబరులో జెల్ ప్యాకెట్లను తిట్టుకున్నాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఈసారి తిట్టడానికి మద్దెల కూడా లేదు. ఒక గంట కూర్చుని, గడ్డి దించేసి ఖాళీగా వెళ్తున్న ట్రాలీ ఆటో ఎక్కాను.

ఇల్లు చేరేసరికి ఆరు దాటింది. ఖాలా గడపలో లేచి నిలబడింది. వెనక మా ఆవిడ కూడా వాకిట్లోకి వచ్చింది.

"అయిందా?" అంది ఖాలా.

నేను తల ఊపాను. అంతే చేశాను. నోరు తెరిచి అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది.

"గంటకు ముందే వచ్చినవ్ బేటా!" అంటూ ఆమె నా తల రెండు చేతులా నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. కళ్లలో నీళ్లు. "ఆయన మలీదతోని అయింది, చూసినవా? గిన్నేండ్లకు."

లోపలికి వచ్చాక మా ఆవిడ మంచినీళ్లు ఇచ్చి, "పతకం ఏది?" అని అడిగింది. చెప్పాను. ఆరంభశూరుడు అంటుందని ఎదురు చూశాను. అనలేదు. అని ఉంటే బాగుండేది. కాసేపు నా పక్కన కూర్చుని, "పొద్దున్నే వెళ్లి ఆవిడతో చెప్పెయ్యండి. ఆలస్యం చేస్తే కష్టం" అంది.

సోమవారం ఆఫీసుకు ఆలస్యమైందని చెప్పలేదు. మంగళవారం ఆమె నిద్రపోతోంది. బుధవారం ఆమె మేలుకునే ఉంది, నేనే తల దించుకుని స్కూటరు తీశాను. ఖాలా నోట్లో నువ్వుగింజ నానదు. సైకిళ్లు బాగుచేసే భాయ్ ఆపి మరీ చెయ్యి కలిపాడు. పాలవాడు "రెండు వందలా సార్, మస్తు!" అన్నాడు. ప్రతి పొగడ్తకూ లోపల ఏదో ఒక మేకు దిగింది. నిజం చెప్తే నాకు పరువు పోతుందని కాదు నా భయం, నా పరువు సంగతి నాకు తెలుసు. నేను ఆగిపోయానంటే ఆమె మలీదనే తప్పు పడుతుందేమో, ముప్పై ఏళ్లు తన చేత్తో కట్టిచ్చిన మూటలో ఏదో లోటుందని అనుకుంటుందేమో అని భయం.

గురువారం సాయంత్రం ఖాలా మనవరాలు మూత పెట్టిన పళ్లెం తెచ్చిచ్చింది. మలీద. ఆయన పేరు మీద ఫాతెహా చదివించి, సందులో అన్ని ఇళ్లకూ పంచారట. మా ఆవిడ పళ్లెం బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. నేను ముట్టుకోలేకపోయాను. ఊరికే ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వకూడదని ఆవిడ మలీదను గిన్నెలోకి తీసి, పళ్లెంలో రెండు అరటిపళ్లు పెట్టి నా చేతికిచ్చింది.

"ఇప్పుడు వెళ్లండి" అంది.

ఖాలా గడపలోనే ఉంది. పళ్లెం పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుని చెప్పాను. నూట నలభై ఆరు దగ్గర ఆగిపోయానని, ట్రాలీ ఆటోలో వచ్చానని, మలీదలో ఏ దోషమూ లేదని, దోషం నాదేనని. ఆమె కోప్పడలేదు.

"ఆయనకు చెప్పిన గద బేటా" అంది. "ఫాతెహల చెప్పిన. నీ సైకిల్ మలీదతోని ఒక మనిషి రెండు వందలు తొక్కిండని. బతికినప్పుడు ఎన్నడు ఆయనకు అబద్ధం చెప్పలె. గిప్పుడు చెప్పినట్టయింది."

దీనికి నేను సిద్ధంగా లేను. క్షమించమన్నాను. ఆమె వినలేదు. పళ్లెం తీసుకుని లేచి, "రేపు జుమ్మ. నమాజు అయినంక నాతోని రా" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టాను. రెండున్నరకు ఆమె నల్ల బురఖాలో బయటికొచ్చింది. ఖబరస్తాన్ దాకా, ఆయన్ని పూడ్చిన చోటికి, నడిచాం, ఆమె గోడలు పట్టుకుంటూ, నేను ఆమె పక్కన. గేటు దగ్గర ఆగిపోయింది. ఆడవాళ్లు లోపలికి వెళ్లరు. పన్నెండేళ్లుగా ఆ గేటు దగ్గరి నుంచే చూసి వెళ్తోందట.

"మూడో వరస. ఆకుపచ్చ రంగు రాయి. నేను పోను, నువ్వే పోయి చెప్పు" అంది.

చెప్పులు విప్పి వెళ్లాను. చిన్న గోరీ, చుట్టూ పిచ్చిగడ్డి. అటూ ఇటూ మగవాళ్లు చేతులు చాచి ఏదో చదువుకుంటున్నారు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. చేతులు జోడించాను. చూడని మనిషిని ఏమని పిలవాలో కూడా తోచలేదు. మెల్లగా, నాకొచ్చిన తెలుగులోనే చెప్పాను.

"నూట నలభై ఆరు దగ్గర ఆగిపోయానండీ. మీ ఇంటావిడ తెలియక రెండు వందలని చెప్పింది. ఆమె తప్పు లేదు. మలీద బాగుంది." ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ నోరు ఆగలేదు. "నేను అలిసిపోయానండీ. సైకిలు తొక్కి కాదు. చాలా ఏళ్లుగా అలిసిపోయి ఉన్నాను."

ఆ మాట అంతకు ముందు ఎవరితోనూ అనలేదు. డాక్టరుతో అనలేదు, మా ఆవిడతో అనలేదు. అన్నాక ఏడుపొచ్చింది. పక్క వరసలో పెద్దాయన ఒకరు చూసి, చనిపోయినవాడు నాకేమవుతాడని అనుకున్నాడో, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

మొహం తుడుచుకుని గేటు దగ్గరికి వచ్చాను. ఖాలా గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"చెప్పినవా?"

"చెప్పాను."

"ఏమని?"

"ఆగిపోయానని. అలిసిపోయానని."

ఆమె కాసేపు లోపలి వైపు, ఆ మూడో వరస వైపు చూసింది.

"ముప్పై ఏండ్లు తొక్కిండు" అంది. "దినాం మూట కట్టిచ్చి పంపిన. అలిసిన అని ఒక్కనాడు అనలె నాతోని. ఒక్కనాడన్న అంటే, ఇయ్యాల పోకు అంటుంటి గద."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎండ ఇంకా తగ్గలేదు, ఇద్దరం మెల్లగా నడుచుకుంటూ ఇంటికొచ్చాం.